రెండో ముద్రణ దాకా

హన్మకొండ లైబ్రరీల, పేపర్ల బల్లకు ఎదురుంగ
గోడ మీద మా తాత ఉన్నడు.
కింద మాత్రం నేరెళ్ల అనంతశయనం అని రాసి ఉంటది.

నుదుటి మీద పడ్డ ఉంగరాల జుట్టు,
భుజం మీంచి జారీజారని శాలువ,
మనల్ని గాక మన వెనక దేన్నో చూస్తున్న కండ్లు.
ఏటా కార్తీకంల జయంతి.
బంతిపూల దండ పడుతది.
హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన
ఆ కండ్లల్ల విరహం చూడుమంటడు.

అది విరహం కాదు.
రాత్రి షిఫ్టు.

మా తాత పేరు ఓదెలు. కాశిబుగ్గ.
ఆజంజాహి గిర్నిల తెగిన పోగులు అతికే పని.
పొద్దుగాల భోంగ కూసినంక ఇంటికి పోతుంటె
చౌరస్త కాడ జహూర్ సాబ్ తన స్టూడియో మెట్ల మీంచి
"ఏయ్ జుల్ఫాలోడా, ఇటు రా" అన్నడట.

కవిగారు లోపల్నే ఉన్నరు, స్టూలు మీద.
పొట్టి మనిషి. బట్టతల. ముఖం నిండ అమ్మవారి మచ్చలు.
బెజవాడల పుస్తకం అచ్చయితున్నది,
మొదటి పేజీకి ముఖం పంపుమని అచ్చాయన కార్డు రాసిండు.
కవంటె ఎట్లుండాల్నో జనానికి అప్పటికే తెలుసు:
వెన్నెల తాగి అన్నం మరిచినోని లెక్క.

తన శాలువ తనే తీసి తాతకు కప్పిండు కవిగారు.
మడత సవరించి, రెండడుగులు వెనక్కి జరిగి
చానాసేపు చూసిండట,
పెండ్లిపిల్లను చూసినట్టు.
పరదా మీద కొండలు, నిండు చందమామ.
జుట్టుల ఇరికిన దూదిపింజలను దులుపుకోబోతె
జహూర్ సాబ్ చెయ్యి పట్టుకున్నడు:
"ఉండనియ్. అది చాందినీ."

రెండు రూపాయలు, ఒక సోడా, ఒక షరతు.
రెండో ముద్రణ దాకా జుట్టు కత్తిరియ్యొద్దు.

రెండో ముద్రణ పదకొండేండ్లకు వచ్చింది.
అన్నేండ్లు మా అవ్వ కొంరవ్వ
ఆదివారం ఆదివారం కుంకుడుకాయ పిసికింది, తిట్టుకుంట.
జుట్టు మరకు చిక్కకుండ దస్తీ బిగించుకొని
పోగుల మీద వంగి నిలబడ్డడు తాత,
అచ్చరమ్ముక్క రాని మనిషి, కవి ముఖానికి కాపలా.
ముద్రణ వచ్చినంక కూడ కత్తిరియ్యలే.
ఎందుకని ఎవరూ అడగలే.

ముఖానికి ఉత్తరాలొచ్చినయి,
గుంటూరు నుంచి, బందరు నుంచి. ఒకదాంట్ల ఎండిన మల్లె.
కవిగారు అన్నిటికీ జవాబు రాసిండు.
సభలకు పిలిస్తె మాత్రం జరమొచ్చేది.
ఆయన పుస్తకాలు రెండూ నేను చదివిన.
మొదటిదాంట్ల పాకాల కాలువ ఉంది, మిరప కల్లం ఉంది,
పేరు చెప్పని ఒక చెల్లె చావు ఉంది.
రెండోదాంట్ల పేజీ పేజీకీ
గాలికి నుదుటి మీద పడే జుట్టు.

ఒక్కసారి గిర్ని గేటు కాడికొచ్చిండట.
షిఫ్టు ఇడిసే యాళ్ల. చేతిల గొడుగు, వాన లేదు.
వందల మందిల తాతను దొరకబట్టి
"ఏం లేదు ఓదెలూ, నన్ను చూసుకొని పోదామని" అన్నడు.
తాతకు ఏమనాల్నో తెలువక దస్తీ విప్పి చూపిచ్చిండు.
ఇద్దరూ చాయ్ తాగిన్రు.
పైసలు ఎవరిచ్చిన్రో అవ్వకు యాదిలేదు.

కవిగారు పోయిన్నాడు పేపర్ల ఆ పటమే వేసిన్రు.
తాత మంగలి కొట్టుకు పోయి గుండు చేయించుకొచ్చిండు.
"ఎవరు పోయిన్రు?" వాడకట్టు అడిగింది.
"నేనే" అన్నడట.

పదో తరగతి తెలుగు పుస్తకంల ఆ ముఖానికి
మా క్లాసోల్లంత మీసాలు దిద్దిన్రు, కొమ్ములు పెట్టిన్రు.
నా పుస్తకం ఒక్కటే శుభ్రంగ ఉండె.
సారు మెచ్చుకున్నడు, సాహిత్యాభిమానం అని.

మొన్న జయంతికి నేనూ పోయిన, వెనక కుర్చీల కూసున్న.
ఎం.ఏ. పిల్లగాడొకడు పటంతోని సెల్ఫీ దిగుతుంటె
అడ్డమున్ననని పక్కకు జరుగుమన్నడు.
నాకు నలభై దాటింది. జుట్టు ముప్పైల్నే పోయింది,
చిన్నప్పుడు ఆటలమ్మ పోసి చెంపల మీద గుంటలు.
ఆ హాలు మొత్తంల అనంతశయనం లెక్క ఉన్నది
నేనొక్కన్నే.

అందరు పోయినంక అటెండర్ దండ తీసి కిటికీల వేసిండు.
అద్దం మీద, సరిగ్గ తాత జుట్టు కాడ,
ఒక బంతిరెక్క తడికి అంటుకొని ఉండె.
తీయబోయి, ఊకున్న.